మూడు గిన్నెల మనిషి

"పాపా, చీనీ అన్నం తింటాలేదు. గిన్నె ముందర పెడితే సూస్తాది, కూసుంటాది, నీళ్ళు మాత్రం తాగుతాది, అంతే. రోగమొచ్చిందేమోనని డాక్టర్ని గూడా పిలిపిస్తిమి. ఏమీ లేదంటాడు. నీకేమన్నా తెలుసునా?"

పులివెందుల నుంచి మా పక్కింటి మామ చెల్లెలు ఫోన్ చేసి ఈ మాట అడిగేనాటికి ఆయన పోయి పక్షం రోజులైనా కాలేదు. చీనీ ఆయన పెంచిన మూడు కుక్కల్లో చివరిది. ఆయన మరణవార్తను నేను నిబ్బరంగానే విన్నాను. అది ఊహించిన వార్తే. కానీ ఒక కుక్క అన్నం ముట్టడం లేదన్న కబురు చెవిన పడగానే, మా మేడ మీద నుంచి ఏళ్ల తరబడి చూసిన ఆ పెరడు, గోడవారన మూడు అల్యూమినియం గిన్నెలు, వాటి వెనక నడుముమీద చేయి పెట్టుకుని నిలబడ్డ మనిషి, అన్నీ ఒక్కసారిగా తిరిగి వచ్చాయి. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. అయితే అది ఫోన్లో చెబితే అర్థమయ్యే జవాబు కాదు. "రేపు నేనే వస్తా అత్తా" అన్నాను.

ప్రొద్దుటూరులో మా పక్కిల్లే ఆయనది. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైనవాడు, ఒంటరివాడు. పేరు రాయను, ఎలాగూ మా వీధిలో ఎవరూ ఆయనను పేరుతో పిలిచింది లేదు. చాటున "కుక్కల డ్రైవరు" అనేవారు, ఎదురుపడితే "మామా" అనేవారు. పేరుపెట్టి పిలవడమనే మర్యాద ఆ ఇంట్లో కుక్కలకే దక్కింది.

నల్లోడు అన్నిటికన్నా పెద్దది. పేరుకు తగ్గ నలుపు, ఒక చెవి కొసన చిరుగు. రెండోది మచ్చల కుక్క. డిపో గేటు దగ్గర పుట్టి పెరిగింది కనుక ఏ బండి స్టార్టయినా ముందుగా రెండుసార్లు మొరిగేది. అందుకని దానికి కండక్టరు అని పేరు పెట్టాడు. మూడోది లేత పసుపు రంగు ఆడకుక్క. పులివెందుల బస్టాండులో చీనీకాయల, అంటే బత్తాయిల, బుట్టల మధ్య పిల్లగా దొరికింది, అదే పేరయింది. దాన్ని చొక్కాలో వేసుకుని బస్సు నడిపాడట. "ప్రొద్దుటూరు వచ్చేదాకా హారన్ కొట్టలేదు మే, బెదురుతాదని" అనేవాడు. ఆర్టీసీ చరిత్రలో హారన్ మోగించకుండా ముద్దనూరు దాటిన బస్సు అదొక్కటేనని మా నాన్న ఎగతాళి చేసేవాడు.

ఆయనను గురించి తలచుకుంటే మొదట గుర్తొచ్చేది సంగటి పెట్టే వేళ. మధ్యాహ్నం ఎండ గోడ దిగేసరికి రాగిసంగటి మజ్జిగలో పిసికి, చల్లార్చి, మూడు గిన్నెల్లో సర్దేవాడు. కుక్కలు మూడూ ఎదురుగా కూర్చునేవి. నోటివెంట చొంగ కారుతున్నా కదిలేవి కావు. ఆయన ఒక్క క్షణం ఆగి, "నల్లోడా!" అనేవాడు. నల్లోడు లేచి తన గిన్నె దగ్గరికి వెళ్ళి మూతి ముంచేది. అది నాలుగు ముద్దలు మింగినాక, "కండక్టరూ!" అప్పుడు మచ్చలది లేచేది. అది కూడా తినడం మొదలుపెట్టాక, గొంతు కొంచెం తగ్గించి, "చీనీ!" పిలవకముందు ఏ కుక్కా గిన్నె ముట్టేది కాదు. ఆ క్రమం వానొచ్చినా, జ్వరమొచ్చినా తప్పేది కాదు. మూడూ తినడం ముగించేదాకా తాను కూడా కూర్చునేవాడు కాదు.

"అన్నిటికీ ఒకేసారి పెడితే ఏమవుతుంది మామా?" అని నేనొకసారి మేడ మీద నుంచే అడిగాను.

"ఒక్క కుక్కను సాకేటోనికి కుక్క ఉంటాది. మూడు సాకేటోనికి కుక్కలుండవు మే, కొట్లాట ఉంటాది. ఒకదాని మూతి ఇంకోదాని గిన్నెలోకి పోయిన రోజు నేను ఈ ఇంటికి యజమానిని గాదు, పంచాయతీ పెద్దను. నాకు ఆ ఉద్యోగం వద్దు."

నేను కళాశాల వక్తృత్వ పోటీలకు ఆ మేడ మీదే సాధన చేసేదాన్ని. నా ప్రసంగాలన్నిటికీ ఆయన పిలవని న్యాయనిర్ణేత. కింద పెరట్లో కుక్కల ఒంటి మీద గోమార్లు ఏరుతూ వినేవాడు. మాట సాగదీశానంటే ఖాళీ గిన్నె మీద కర్రతో టంగున కొట్టి, "బ్రేకు వెయ్యి మే! నీ మాట ఘాటు రోడ్డు మాదిరి ఉండాది. మలుపులు శానా, ఊరు మాత్రం రాదు" అనేవాడు. బహుమతి తెచ్చుకున్న రోజున కప్పు చూపిస్తే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సంగటి పట్టదు గదా ఇందులో" అని తిరిగి ఇచ్చేశాడు.

ఆయన మంచివాడని వీధిలో ఎవరూ అనలేదు. నోరు మంచిది కాదు. పిల్లల్ని పెరటి గోడ ఎక్కనిచ్చేవాడు కాదు. ఎంగిలాకులు రోడ్డు మీద పారేసినవాళ్ళ ఇంటిముందు నిలబడి, వాళ్ళు బయటికి వచ్చేదాకా తిట్టేవాడు. అయితే తెల్లవారేసరికి పార, తట్ట పట్టుకుని తన కుక్కలు వీధిలో చేసిన మలినాన్ని తానే ఎత్తుకొచ్చేవాడు. పిచ్చికుక్క టీకాలకు ఆటోవాళ్ళు కుక్కల్ని ఎక్కించుకోకపోతే, మూడింటినీ ఒకేసారి తీసుకువెళ్తే పశువుల ఆసుపత్రిలో తగాదా అవుతుందని, ఒక్కొక్కదాన్ని గొలుసుతో విడివిడిగా నడిపించుకుపోయి వచ్చేవాడు. చీనీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, కుట్లు ఎండేదాకా దాని పక్కనే నులకమంచం వేసుకున్నాడు. అందుకు కూడా జనం నవ్వారు.

ఒక ఉదయం పాలు పోసే అతని చేయిని కుక్క కరిచింది. గేటు ముందు జనం చేరారు.

"యాది కరిచింది?" అని ఎవరో గట్టిగా అడిగారు.

"నా కుక్క."

"మూడు ఉండాయి గదప్పా. అందులో యాది?"

"నాదని చెప్తాండా గదా. ఇంక యాదైతే నీకేంది?"

పాలతన్ని తానే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, సూదుల మందు పూర్తయ్యేదాకా ప్రతిసారీ వెంట నడిచాడు. తిరిగి వచ్చి మూడు కుక్కల్నీ కట్టేశాడు. ఒకటి చేసిన తప్పుకు మూడింటినీ శిక్షించడం నాకు సహించలేదు. కిందికి దిగివచ్చి వాదించాను. దోషిని గుర్తించకుండా శిక్ష వేయడం అన్యాయమని, సామూహిక శిక్ష అనాగరికమని, నాకు తెలిసిన మాటలన్నీ వాడాను.

ఆయన ఓపికగా విన్నాడు. "కరిచింది కండక్టరే" అన్నాడు చివరికి. "నేను సూసినా. అయితే ముందు మొరిగింది నల్లోడు. సందులోకి అడ్డంగా ఉరికింది చీనీ. ఆ మనిసి చెయ్యి ఇదిలించినాడు, ఇది పట్టుకున్యాది. ఒక్కటే ఉండింటే మొరిగి ఊరుకుండేది మే. మూడు ఉండబట్టి కరిచింది. మూడిట్ని తెచ్చి పెట్టుకునింది ఎవరు?"

"అయితే నిన్ను కట్టేసుకోవాలి మామా."

"కట్టేసుకోనుండాను గదా" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. ఆయన నవ్వలేదు. ఆ మాట ఎంత అక్షరసత్యమో కొంతకాలానికి గాని నాకు తెలియలేదు. పొలిమేర దాటి రాత్రి గడిపి ఎరుగడు. పులివెందులలో చెల్లెలి కూతురి పెళ్ళికి మొదటి బస్సుకు పోయి, తలంబ్రాలు కాగానే, పంక్తిలో కూర్చోకుండా మధ్యాహ్నానికి వచ్చేశాడు. కుక్కలకు సంగటి వేళ అవుతుందని. ఆ అవమానంతో చెల్లెలు ఆ తర్వాత ఏళ్లపాటు ప్రొద్దుటూరులో అడుగు పెట్టలేదు.

నిరుడు ఎండాకాలంలో ఆయన కుడిపాదంలో మేకు గుచ్చుకుంది. చక్కెర జబ్బు మనిషి. పుండు మానలేదు, నల్లబడింది. ఆసుపత్రిలో చేరితే వేళ్ళతో పోతుందని, ఆలస్యం చేస్తే కాలు, ఆపైన ప్రాణం అని డాక్టరు స్పష్టంగా చెప్పాడు. ఆయన సరేనన్నాడు. ఒకే ఒక షరతు పెట్టాడు: మూడు కుక్కల్నీ ఒకే ఇంట్లో ఉంచుకునేవాళ్ళు దొరకాలి.

మా ఇంట్లో చోటు లేదు. అద్దె మేడ, ఇంటి యజమానులు ఒప్పుకోరు. అందువల్ల నా స్కూటీ మీద ఆయనను ఎక్కించుకుని జమ్మలమడుగు వెళ్ళాను. దారి పొడుగునా మలుపు వచ్చినప్పుడల్లా వెనక కూర్చున్న ఆయన కట్టు కట్టిన కుడికాలు ఫుట్‌రెస్టును అదిమేది. నేను బ్రేకు వేసే లోపలే ఆయన వేసేవాడు. నొప్పితో "అబ్బా" అనేవాడు, మళ్ళీ మలుపులో మళ్ళీ అదిమేవాడు.

జమ్మలమడుగులో ఆయనతో ఏళ్లపాటు ఒకే బస్సులో పనిచేసిన కండక్టరు ఉన్నాడు. అరుగు మీద కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, మొదట అన్న మాట: "ఏమప్పా, నా ఉద్యోగాన్ని కుక్కకు కట్టబెట్టినావంట?"

"నీకన్నా బాగా చేస్తాంది."

"అట్లయితే నా తమ్ముడే గదా వాడు. ఇడ్సిపో, సాకుతా."

"మూడు ఉండాయి."

"మూడా? నా పెండ్లాం నన్ను ఒక్కణ్ణి సాకలేక సస్తాంది. ఆ మచ్చలదాన్ని ఇడువు. తక్కినవి ఇంకెవరికన్నా అడుగు."

"మూడూ కలిసే" అని ఆయన నీళ్ళగ్లాసు కింద పెట్టి లేచాడు.

తర్వాత బస్సులో పులివెందుల వెళ్ళాము. చెల్లెలు, ఆమె భర్త ఊరి బయట చీనీతోటలో ఉంటారు. గొర్రెలు మేపుకుంటారు. పెళ్ళినాటి కోపం ఆమె ఇంకా మరవలేదు. "అన్నం తిని పోతావా, ఆడ ఎవరికన్నా సంగటి పెట్టల్లనా?" అని దెప్పుతూనే కంచంలో వడ్డించింది. కట్టు విప్పి కాలు చూశాక మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె భర్త నిజాయితీగా చెప్పాడు. "బావా, గొర్రెల కాడ కొత్త మగకుక్కలు నిలబడవు. మా కుక్కలు వాటిని సంపుతాయి, లేకుంటే అవి గొర్రెను పడతాయి. ఆ పసుప్పచ్చదాన్ని ఇడ్సిపో. మా బిడ్డ మాదిరి సూసుకుంటాం."

తిరుగు బస్సులో నేను ఊరుకోలేకపోయాను. ఇద్దరు మంచి మనుషులు చెరొక కుక్కను అడుగుతున్నారు. నల్లోడికి మా అమ్మ గేటు దగ్గరే రెండు పూటలా పెడతానంటోంది. మూడూ బతుకుతాయి, ఆయనా బతుకుతాడు. ఇందులో కాదనడానికి ఏముంది?

"బస్సు నిండా జనాన్ని ఎక్కించుకున్యావనుకో" అన్నాడు ఆయన, ముందున్న డ్రైవరు చేతుల్నే చూస్తూ. "నీకు కడుపునొప్పి వచ్చింది. బరువు తగ్గుతాదని ఒకణ్ణి ముద్దనూరులో, ఒకణ్ణి ఎర్రగుంట్లలో దింపుతావా? టికెట్టు కొట్టినాక ఊరు చేర్చల్ల గదా."

"స్టీరింగు ముందరే డ్రైవరు పడిపోతే బస్సు ఎక్కడికి పోతుంది మామా?"

 ఆయన కిటికీ వైపు తిరిగాడు. కుడికాలు మాత్రం ఎదుటి సీటు కింద అదుముతూనే ఉంది. ఆ వాదంలో గెలుపు నాదే. ఏ న్యాయనిర్ణేత అయినా నాకే మార్కులు వేసేవాడు. అంత నిష్ఫలమైన గెలుపు నా జీవితంలో మరొకటి లేదు. మరునాడు మైదుకూరులో ఎవరో ఉన్నారట, అడిగి చూద్దామన్నాడు. ఆపైన ఖాజీపేట అన్నాడు. కాలు మోకాలిదాకా నల్లబడింది.

ఆఖరుకు పెరట్లో గిన్నెలు కడుగుతూ పడిపోయాడు. అంబులెన్సు వచ్చింది. ఆయన ఒప్పుకోని పని ఆయన స్పృహలో లేనప్పుడు ఒక్క పూటలో జరిగిపోయింది. కండక్టరును పాత స్నేహితుడు వచ్చి జమ్మలమడుగుకు తీసుకుపోయాడు. చీనీని చెల్లెలి భర్త పులివెందులకు తీసుకుపోయాడు. నల్లోడు తాళం వేసిన గేటు ముందు మిగిలింది. మా అమ్మ సంగటి పెట్టేది, నేను పేరు పెట్టి పిలిచేదాన్ని, తినేది. తిన్నాక పక్కకు తిరిగి, గిన్నెలు లేని చోటును కాసేపు చూసి పడుకునేది. ఆయన ఆసుపత్రిలో పోయిన మరునాడే ముసలితనంతో, గేటుకు వీపు ఆనించి, అది కూడా పోయింది. కండక్టరు పలుపుతాడు కొరుక్కుని ప్రొద్దుటూరు రోడ్డు పట్టిందని జమ్మలమడుగు నుంచి ఫోన్ వచ్చింది. "బండి మీద ఎర్రగుంట్ల దాకా ఎతికినా పాపా. నా పేరు పెట్టుకున్యాడు, నన్ను కాదని పాయ" అన్నాడు ఆ పెద్దాయన. అది ప్రొద్దుటూరు చేరలేదు.

పులివెందుల బస్సు దిగి తోటకు వెళ్ళేసరికి మధ్యాహ్నం ఎండ వాలింది. చీనీచెట్టు నీడలో కుక్క కూర్చుని ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. ముందు గిన్నెలో అన్నం, పాలు, పైన ఈగలు.

"సూడు పాపా, కోడిగుడ్డు గూడా పెడ్తి. మూతి తిప్పుకుంటాది. మా అన్న మొండితనమంతా దీనికే వచ్చింది" అంది ఆమె.

ఆ అన్నం తీయించి, సంగటి మజ్జిగలో పిసకమన్నాను. గిన్నె కింద పెట్టి, వెనక్కి జరిగి, నడుము మీద చేయి పెట్టుకున్నాను. "నల్లోడా!" అన్నాను.

చీనీ చెవులు నిక్కాయి. మెడ ఎడమవైపుకు తిరిగింది. నల్లోడి గిన్నె ఎప్పుడూ ఉండే వైపు అది. అక్కడ ఎండుటాకులు తప్ప ఏమీ లేవు. నల్లోడు నాలుగు ముద్దలు మింగేంతసేపు ఆగాను. "కండక్టరూ!" అన్నాను. మళ్ళీ ఆగాను. తోటలో ఎక్కడో గొర్రె అరిచింది. ఆ ఆగడంలో నాకొక సంగతి తెలిసింది. మూడింటినీ కొట్లాడకుండా బతికించడానికి ఆయన కనిపెట్టిన ఈ క్రమమే, రెండు పేర్లు రాలిపోయాక, మూడోదాన్ని ఆకలితో చంపబోయింది. విడదీయవద్దన్న ఆయన మాటలో న్యాయముంది. విడిపోతే బతకలేనట్టు వాటిని పెంచినవాడూ ఆయనే. ఈ రెండింటిలో ఏది బరువో తేల్చే తూకం నా దగ్గర లేదు.

"చీనీ!" అన్నాను, గొంతు తగ్గించి.

అది లేచింది. తూలింది. గిన్నెలో మూతి ముంచి, ఊపిరి తీసుకోకుండా తిన్నది.

చెల్లెలు కుక్క పక్కన నేల మీద కూర్చుంది.  "ఆస్పత్రిలో మా అన్న ఇట్లనే అడిగె పాపా. మూడూ నా దగ్గరే ఉండాయని అబద్ధం చెప్పింటి. కండ్లు మూసుకొనే, 'నల్లోడు తిన్యాడా?' అనె. తిన్యాడంటి. కొంచెంసేపు ఊరుకోని, 'కండక్టరు తిన్యాడా?' అనె. తిన్యాడంటి. మళ్ళ ఊరుకునె. కాలు మాత్రం మంచానికి అదుముతానే ఉండె. 'చీనీ?' అనె. తిన్యాదన్నా అంటి. అప్పుడు కాలు నిలబడె."

గొర్రెలు తోలుకొచ్చిన ఆమె భర్త దూరంగా ఆగిపోయాడు.  చీనీ ఖాళీ గిన్నెను నాకుతోంది.

"అయితే రోజూ ఇట్ల పిల్చల్లనా?" అని ఆమె అడిగింది. "లేనోళ్ళను పిల్చేది, వస్తారని దానికి ఆశ పెట్టేది... ఇది గూడా అబద్ధమే గదా పాపా?"

అబద్ధమే.  నా చదువంతా అటువంటి ప్రశ్నకు ఔననో కాదనో నిలబడి చెప్పడమే. నేను కుక్క పక్కటెముకల్ని చూశాను.

"పిలవాలి అత్తా. మధ్యలో ఆగాలి. తొందరపడకూడదు."

మరునాడు ఉదయం బస్సుకు బయలుదేరి తోట దారిలో నడుస్తుండగా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. అలవాటు లేని పిలుపు, సిగ్గుపడుతున్నట్టు మొదలైంది: "నల్లోడా!" నేను నిలబడ్డాను. గొర్రెల మెడగంటలు కూడా ఆగినట్టనిపించింది. బాగా ఆగింది ఆమె, అన్నకన్నా ఎక్కువసేపే ఆగింది. తరువాత, "కండక్టరూ!"

మూడో పేరు వినేదాకా నేను అడుగు ముందుకు వేయలేదు.